చెక్క మోడల్ కిట్లకి ఏ జిగురు వాడాలి? పెట్టె విప్పిన దగ్గర్నుంచి ఆఖరి అతుకు దాకా

చెక్క మోడల్ కిట్ కొన్నవాళ్లు ముందుగా అడిగేది "అన్నిటికంటే గట్టి జిగురు ఏది?" అని. అక్కడ మొదలుపెడితే ఎటూ తేలదు. ఈ కిట్లలో వచ్చే బాల్సా, బాస్‌వుడ్ లాంటి మెత్తటి చెక్కల కంటే మామూలు ఫెవికాల్ అతుకే గట్టిది. పద్ధతిగా అతికిన రెండు ముక్కల్ని మర్నాడు విరిచి చూడండి. అతుకు పక్కన చెక్క చీలుతుంది తప్ప అతుకు ఊడదు. కాబట్టి బలం గురించి బెంగ అక్కర్లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ముక్కని సరైన చోట నిలబెట్టడానికి నాకు ఎంత టైమ్ కావాలి? రెండు ముక్కల మధ్య సందు ఉందా? అతికాక పైన పాలిష్ పెడతానా, రంగు వేస్తానా? అన్నిటికంటే ముఖ్యం టైమ్. జిగురు ఎంపికలో ముప్పాతిక వంతు అక్కడే తేలిపోతుంది.

1. ముందు పెట్టెలో ఏముందో చూడండి

ముక్కల్ని రకాలవారీగా విడదీయండి. గోటితో నొక్కితే సొట్ట పడేంత మెత్తగా, చేతిలో బరువే తెలియనంత తేలిగ్గా ఉండేది బాల్సా. ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది, విమానాల కిట్లలో ఇదే ప్రధానం. పాలిపోయిన రంగులో నున్నగా, కాస్త గట్టిగా ఉంటే బాస్‌వుడ్. అంచున పొరలు కనిపిస్తే ప్లైవుడ్. ఓడల కిట్లలో ముదురు గోధుమ రంగు సన్నటి పట్టీలు ఉంటాయి, అవి వాల్‌నట్ లాంటి గట్టి చెక్కలు. వీటితోపాటు ఇత్తడి సామాను, అక్రిలిక్ కిటికీలు, దారం, కాగితం, ఎల్‌ఈడీ వైర్లు ఏమున్నాయో పక్కన పెట్టుకోండి. చెక్కకి చెక్క అతికే జిగురు ఒకటి, చెక్కకి ఇత్తడి అతికేది మరొకటి.

కొన్ని కిట్లకి జిగురే అక్కర్లేదు. యూగేర్స్, రోకర్ లాంటి పళ్లచక్రాల మోడళ్లు చాలావరకు బిగింపు మీదే నిలుస్తాయి. వాటిలో జిగురు పోస్తే చక్రం తిరగడం మానేస్తుంది. వాటికి కావాల్సింది మైనం. కిట్‌లో ఇవ్వకపోతే తెల్ల కొవ్వొత్తి ముక్కని పళ్ల మీద, ఇరుసు మీద రుద్దితే చాలు.

లేజర్‌తో కోసిన ముక్కల అంచులు మాడి నల్లగా ఉంటాయి. జిగురు ఆ మసికి అంటుకుంటుంది, మసేమో చెక్కని వదిలేస్తుంది. అతికే అంచు వరకు 220 నంబరు గరుకు కాగితంతో ఒకటి రెండుసార్లు తేలిగ్గా రుద్ది, పొడిని మెత్తటి బ్రష్‌తో దులిపేయండి. మరీ రుద్దితే గాడి వదులవుతుంది. ముక్కలు ఊడదీశాక మిగిలే చట్రాన్ని మాత్రం పారేయొద్దు. అది సరిగ్గా మీ మోడల్ చెక్కే, ప్రయోగాలన్నీ దానిమీదే చేయాలి.

2. తెల్ల జిగురు: పనిలో ఎక్కువ భాగం దీనిదే

ఒక్క సీసాయే కొంటానంటే నేను ఇదే కొనమంటాను. దీన్ని పీవీఏ అంటారు. 1959లో వచ్చిన ఫెవికాల్ ఈ రకమే. వడ్రంగులు వాడే డబ్బా ఫెవికాల్ ఎస్‌హెచ్. స్టేషనరీ షాపుల్లో పిల్లల క్రాఫ్ట్ పనికి దొరికే చిన్న సీసా ఎంఆర్. బొమ్మరిల్లు కిట్లలోని కాగితానికీ, పల్చటి ముక్కలకీ ఎంఆర్ సరిపోతుంది. ఓడ, విమానం కడుతుంటే ఎస్‌హెచ్ తీసుకోండి. నీటికి తట్టుకునే మెరైన్ రకం కూడా ఉంది కానీ, అద్దాల బీరువాలో పెట్టుకునే ఓడకి దాని అవసరం లేదు.

టైట్‌బాండ్ లాంటి పసుపు జిగుళ్లు కూడా దాదాపు ఇదే కుటుంబం. వీటికి రెండు లాభాలు. కొంచెం త్వరగా పట్టుకుంటాయి. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే పొడిగా రాలతాయి. తెల్ల జిగురు అలా కాదు, రుద్దినప్పుడు పుట్టే వేడికి మెత్తబడి కాగితానికి జిడ్డులా పట్టేస్తుంది. ఓడ పక్కలు మొత్తం రుద్ది నున్నగా చేయాల్సిన పని ఉంటే పసుపు జిగురు మీద పెట్టే అదనపు ఖర్చు దండగ కాదు. తెల్లది ఆరితే పారదర్శకంగా ఉంటుంది, పసుపుది తేనె రంగులో కనిపిస్తుంది. లేత చెక్క మీద ఆ తేడా తెలుస్తుంది, వాల్‌నట్ మీద తెలియదు.

ఇక వాడే పద్ధతి. ఓడ కిట్‌లో మొదటి పని, పొడవాటి వెన్నుపలక గాడుల్లో అడ్డపలకలు నిలబెట్టడం. ఇక్కడ ఒక్క పలక వంకర పోయినా పైన అతికే పట్టీలన్నీ వంకర పోతాయి. ముందు జిగురు లేకుండా పెట్టి చూడండి. బలవంతంగా దిగుతోందంటే గాడిని రుద్దాలి. మరీ బిగుతైన గాడిలో జిగురంతా బయటికి నెట్టుకొచ్చేసి లోపల ఏమీ మిగలదు. వేలితో నొక్కితే దిగి, వదిలితే నిలబడేంత బిగువు ఉంటే సరి.

ఇప్పుడు టూత్‌పిక్‌తో జిగురు తీసుకుని గాడి లోపలి గోడలకి పల్చగా పూయండి. కింద చెక్క రంగు మసకగా కనిపించాలి. తెల్లగా కప్పేసిందంటే ఎక్కువైనట్టే. పలక దింపాక రెండు వైపులా అతుకు వెంట ఆవగింజల్లాంటి చిన్న బొట్లు వరసగా రావాలి. బొట్లు రాకపోతే జిగురు చాలలేదు, ధారగా కారితే ఎక్కువైంది. వెంటనే మూలమట్టం ఆనించి పలక నిటారుగా ఉందో లేదో చూడండి. మూలమట్టం లేకపోతే పిల్లల లెగో ముక్కలు తెచ్చుకోండి, వాటి మూలలు కచ్చితంగా లంబకోణంలో ఉంటాయి. పలకకి అటూ ఇటూ రెండు లెగో కట్టలు ఆనించి రబ్బరు బ్యాండ్ వేస్తే కదలదు. సర్దుకోవడానికి మీకు దొరికేది నాలుగైదు నిమిషాలు. ఆ తర్వాత కదిపితే లోపల పట్టుకోబోతున్న జిగురు తెగుతుంది, మళ్లీ అంత గట్టిగా పట్టదు.

కనీసం అరగంట నుంచి గంట దాకా ముట్టుకోవద్దు. మర్నాటి వరకు దానిమీద బరువు పెట్టొద్దు. క్లాంపులు కొనాల్సిన పని లేదు. బట్టల క్లిప్పులు, మాస్కింగ్ టేపు, గుండుసూదులు సరిపోతాయి. బాల్సాని క్లిప్పుతో గట్టిగా నొక్కితే సొట్ట పడుతుంది కాబట్టి మధ్యలో చిన్న ప్లైవుడ్ ముక్క పెట్టండి. విమానాల కిట్లలో ప్లాన్ కాగితం మీదే రెక్కలు కడతారు. కాగితానికీ చెక్కకీ మధ్య బటర్ పేపర్ పరవకపోతే రెక్కతోపాటు ప్లాన్ కూడా లేస్తుంది.

చెక్క నారకి అడ్డంగా కోసిన అంచు విషయం వేరు. అక్కడ నాళాలు తెరుచుకుని ఉంటాయి, జిగురుని లోపలికి లాగేసుకుంటాయి. అతుకు మధ్య ఏమీ మిగలదు. కాబట్టి ముందు కొద్దిగా నీళ్లు కలిపిన జిగురు ఒక పూత పూసి, రెండు నిమిషాలు పీల్చుకోనిచ్చి, ఆపైన మామూలు జిగురు పెట్టి అతకాలి. కుర్చీ కాళ్లు, స్తంభాలు, విమానం రెక్కల్లో అడ్డపుల్లలు ఊడిపోయాయంటే పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే.

తెల్ల జిగురుకి ఉన్న పెద్ద లోపం నీళ్లు. ఒక మిల్లీమీటరు మందం ఉన్న పలకకి ఒక వైపే మొత్తం పూస్తే అది అప్పడంలా వంగుతుంది. వెడల్పాటి పల్చటి పలకలు అతికేటప్పుడు జిగురు బాగా తగ్గించండి, పైన బటర్ పేపర్ వేసి లావుపాటి పుస్తకాలు పేర్చి రాత్రంతా వదిలేయండి.

వాతావరణం సంగతి

కిట్‌లోని కాగితంలో ఇచ్చే టైములు మన వాతావరణానికి రాసినవి కావు. హైదరాబాద్‌లో మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుంటే పూసిన జిగురు మీద రెండు మూడు నిమిషాలకే పొర కడుతుంది. పొర కట్టాక అతికితే పట్టినట్టే ఉంటుంది, తర్వాత ఊడుతుంది. అప్పుడు ఒకేసారి ఒక అతుకుకే పూయండి, ఫ్యాన్ ఆపండి. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో పనిచేస్తుంటే ఇదంతా తిరగబడుతుంది. తెల్ల జిగురు త్వరగా ఆరదు, క్లిప్పులు రెట్టింపు సేపు ఉంచాలి. అదే తేమకి ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ మాత్రం ఇంకా తొందరగా పట్టేస్తుంది.

జిగురుకి తేమతో ఉన్న తగువు కిట్లతో మొదలైంది కాదు. 1940లో తొలిసారి ఎగిరిన బ్రిటిష్ యుద్ధవిమానం డి హావిలాండ్ మస్కిటో ఒళ్లు మొత్తం చెక్కే. రెండు బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి అతికి చేసేవారు. మొదట్లో పాల నుంచి తీసే కేసీన్ జిగురు వాడారు. తేమకి అది తట్టుకోదని తర్వాత ఫార్మాల్డిహైడ్ రకం జిగురుకి మారారు. ఆ విమానం బాల్సా కిట్లు ఇప్పటికీ దొరుకుతాయి, మన ఫెవికాల్‌తో కట్టుకోవచ్చు.

3. సూపర్ గ్లూ: చెయ్యి ఆగలేని చోట

ఫెవిక్విక్ అని మనం పిలిచేది సయనోయాక్రిలేట్. 1942లో అమెరికాలో కోడాక్ సంస్థ పరిశోధకుడు హ్యారీ కూవర్ బృందానికి వేరే పనిలో తగిలింది. ప్రతిదానికీ అతుక్కుపోతోందని అప్పుడు పక్కన పెట్టేశారు. 1958లో అమ్మకానికి వచ్చింది. ఇది ఎండి గట్టిపడదు. చెక్క మీదా గాలిలోనూ ఉండే తేమ తగిలి గట్టిపడుతుంది.

మోడళ్ల షాపుల్లో పల్చన, మధ్యరకం, చిక్కన అని మూడు రకాలు దొరుకుతాయి. పల్చటిది నీళ్లలా పారుతుంది. ముక్కలు రెండూ ముందే కలిపి పట్టుకుని అతుకు మీద ఒక్క చుక్క వేస్తే అదే సందులోకి జొరబడుతుంది. సందు ఉంటే మాత్రం దీనితో లాభం లేదు. చిక్కటిది కొంచెం సందు పూడుస్తుంది, సర్దుకోవడానికి కొన్ని సెకన్లు టైమ్ ఇస్తుంది. మామూలు షాపులో దొరికే ఫెవిక్విక్ పల్చటి రకం కిందకే వస్తుంది. బాల్సా మీద నేరుగా వేస్తే చెక్క తాగేస్తుంది, అటువైపు మీ వేలు ఉంటే వేలు కూడా అతుక్కుంటుంది. ట్యూబ్ నుంచి నేరుగా పిండకండి. ప్లాస్టిక్ మూత మీద ఒక చుక్క వేసుకుని, గుండుసూది మొనతో తీసి పెట్టండి.

దీని అసలు ఉపయోగం తెల్ల జిగురుకి తోడుగా ఉన్నప్పుడు తెలుస్తుంది. ఓడ ముందు భాగం దగ్గర పట్టీలు వంచి అతకాలి. వంచిన పట్టీ ఎగిరి లేచిపోతూ ఉంటుంది, గంటసేపు పట్టుకుని కూర్చోలేం. అందుకని పట్టీ పొడవునా తెల్ల జిగురు గీత పెట్టి, అడ్డపలకల మీద రెండు మూడు చోట్ల చిన్న ఖాళీలు వదిలి, ఆ ఖాళీల్లో చిక్కటి సూపర్ గ్లూ చుక్కలు వేయండి. నొక్కితే అర నిమిషంలో చుక్కలు పట్టుకుంటాయి. లోపల తెల్ల జిగురు తన టైమ్ తీసుకుని ఆరుతుంది. రెండూ ఒకదానికొకటి కలవకుండా చూసుకోండి. వంచడానికి పట్టీని నీళ్లలో నానబెడితే, వంచి క్లిప్పు పెట్టి పూర్తిగా ఆరనిచ్చాకే అతకాలి. తడి పట్టీ ఉబ్బి ఉంటుంది. అలాగే అతికేస్తే ఆరాక కుంచించుకుపోయి పక్క పట్టీతో సందు పడుతుంది.

(అసలు ఓడల్లో ఈ బాధ లేదు. కిట్ల వాళ్లకి బాగా ఇష్టమైన బ్రిటిష్ యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ విక్టరీ 1765లో నీళ్లలోకి దిగింది. దాని పలకలు నిలబడింది చెక్క మేకుల మీదా, లోహపు బోల్టుల మీదా.)

జాగ్రత్తలు రెండే, కానీ తప్పనిసరి. ఒకటి, దూది, నూలు గుడ్డ దీనికి తగిలితే చర్య మొదలై బాగా వేడెక్కుతుంది, చర్మం కాలొచ్చు, పొగ రావొచ్చు. కారింది తుడవడానికి దూది వాడొద్దు, నూలు చేతి తొడుగులు అసలే వద్దు. రెండు, కళ్లు. చుక్క వేసేటప్పుడు మొహం దానిమీదకి వంచొద్దు, కిటికీ తీసి ఉంచండి. కంట్లో పడితే రెప్పలు లాగకుండా నీళ్లతో కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వేళ్లు అతుక్కుంటే గాభరా పడి లాగొద్దు, గోరువెచ్చని సబ్బు నీళ్లలో ఉంచి మెల్లగా విడదీయండి.

4. ఎపాక్సీ: చెక్క కానిది చెక్కకి అతకాలంటే

అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు. ఇత్తడి ఫిరంగి, మోటారు బిగించే పలక, రెక్కలు రెండూ కలిసే మధ్యభాగం, ఇలా లోహమో లాగుడో ఉన్న చోటే వాడండి. మిగతా చోట్ల వాడితే డబ్బూ బరువూ రెండూ దండగ. ఎగిరే విమానానికైతే ముక్కు, తోక వైపు పెరిగే ప్రతి గ్రామూ లెక్కే.

ఐదు నిమిషాల్లో పట్టేవి ఉన్నాయి, గంటలు తీసుకునేవి ఉన్నాయి. నెమ్మదిగా పట్టేది చెక్కలోకి బాగా ఇంకుతుంది, అతుకు కూడా గట్టిది. రెండు ట్యూబుల కొలత ప్యాకెట్ మీద ఎలా ఉంటే అలాగే తీసుకోండి. రెండిట్లో గట్టిపరిచే ట్యూబు (హార్డెనర్) నుంచి ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందనుకోవడం పొరపాటు, జిడ్డుగా మిగిలిపోతుంది. నిమిషంపాటు బాగా కలపండి. ఇత్తడిని ముందు గరుకు కాగితంతో గీకి, స్పిరిట్‌తో తుడవాలి. మెరిసే లోహం మీద ఏ జిగురూ నిలవదు. ప్లాస్టిక్ చేతి తొడుగులు వేసుకోండి.

హాట్ గ్లూ గన్ గురించి ఒక్క మాట. వైర్లు కదలకుండా లోపల పట్టించడానికి పనికొస్తుంది, చెక్క అతుకులకి వద్దు. లావుగా ఉబ్బి ముక్కల్ని ఎడం చేస్తుంది. రబ్బరు జిగుళ్లూ అంతే, ఆనించాక జరపడానికి వీలుండదు.

5. సందులు పూడ్చడం

ఎంత జాగ్రత్తగా చేసినా పట్టీల మధ్య సందులు పడతాయి. గరుకు కాగితంతో రుద్దినప్పుడు రాలే పొడిని ఒక డబ్బాలో దాచండి, చెక్క రకానికి ఒక డబ్బా. ఆ పొడిలో తెల్ల జిగురు కలిపి ముద్ద చేసి సందులో నొక్కి, ఆరాక రుద్దండి. విజయవాడ దగ్గరి కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్లు తరతరాలుగా ఇదే చేస్తున్నారు. తెల్ల పొణికి చెక్కతో చేసిన భాగాల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, నున్నగా తీర్చి రంగులు వేస్తారు. వాళ్లు పైన మొత్తం రంగు వేస్తారు కాబట్టి మక్కు రంగుతో పని లేదు. మీరు పాలిష్ మాత్రమే పెడతానంటే ముద్ద చెక్క కంటే కాస్త ముదురుగా కనిపిస్తుంది, ముందు చట్రం ముక్క మీద చూసుకోండి.

సూపర్ గ్లూ మీద వంటసోడా చల్లితే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది. ఇది చాలామంది చెప్పే చిట్కా. లోపలి భాగాలకి బాగుంటుంది. బయట వాడితే మాత్రం రుద్దేటప్పుడు చుట్టూ ఉన్న మెత్తటి చెక్క అరిగిపోయి ఆ గీత గట్టులా మిగులుతుంది.

6. అక్రిలిక్, దారం, కాగితం

కిటికీ అద్దాల దగ్గర సూపర్ గ్లూ వద్దే వద్దు. దాని ఆవిరికి అక్రిలిక్ మీద తెల్లటి మసక కమ్ముతుంది, తుడిస్తే పోదు. అంచుకి సన్నగా తెల్ల జిగురు పెట్టి టేపు వేసి రాత్రంతా ఉంచండి. విమానం కాక్‌పిట్ మూతల కోసం ప్రత్యేకంగా కనోపీ గ్లూ దొరుకుతుంది, అదైతే ఇంకా మంచిది.

ఓడ తాళ్ల ముళ్లకి, సగం నీళ్లు కలిపిన తెల్ల జిగురు బ్రష్‌తో తడిపితే చాలు. సూపర్ గ్లూ పెడితే దారం నల్లబడి పెళుసెక్కి ముడి దగ్గరే తెగుతుంది. బొమ్మరిల్లు గోడ కాగితాలకి గ్లూ స్టిక్ వాడండి, తెల్ల జిగురుకి ముడతలు పడతాయి.

7. పాలిష్ పెట్టేవాళ్లకి

అతుకు పక్కన మిగిలిన జిగురు ఆరితే కనిపించదు. పైన వుడ్ స్టెయిన్ వేసిన నిమిషానికి తెల్ల మచ్చలుగా బయటపడుతుంది, ఎందుకంటే జిగురు పీల్చుకున్న చోట చెక్క రంగు తాగదు. వీలైన ముక్కలకి ముందు స్టెయిన్ వేసి, అతికే అంచులు వదిలేసి, ఆరాక అతకండి. వీలుకాని చోట, కారిన బొట్లని తడిగా ఉన్నప్పుడు గుడ్డతో రుద్దితే చుట్టూ పాముకుంటుంది. ఇరవై నిమిషాలు ఆగండి. జిగురు రబ్బరులా మెత్తగా మారాక పదునైన ఉలితోనో బ్లేడుతోనో లేపితే ముద్దగా వచ్చేస్తుంది. చివర్లో టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డతో మోడల్ మొత్తం తుడవండి. జిగురు ఉన్న చోట్లు లేతగా కనిపిస్తాయి. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆరాక రుద్దేయండి.

8. తప్పుగా అతికితే

తెల్ల జిగురు అతుకు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బ్రష్‌తో పూస్తూ పావుగంట ఆగితే మెత్తబడుతుంది, పల్చటి బ్లేడు దూర్చి విడదీయొచ్చు. ఆల్కహాల్ లేకపోతే హెయిర్ డ్రయ్యర్ వేడి కూడా పనిచేస్తుంది. సూపర్ గ్లూకి అసిటోన్ వాడాలి. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ అయినా సరే, అక్రిలిక్ దరిదాపుల్లో మాత్రం వద్దు, కరిగిపోతుంది. ఎపాక్సీ పూర్తిగా పట్టేశాక వేడి చేస్తే కొంత మెత్తబడుతుంది కానీ చాలాసార్లు చెక్కతో సహా ఊడొస్తుంది. కాబట్టి ఎపాక్సీ కలిపే ముందే ముక్కని ఇంకోసారి పెట్టి చూసుకోండి.

తెరిచిన సూపర్ గ్లూని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు ఫ్రిజ్‌లో పెట్టండి, తినేవాటికి దూరంగా, పిల్లలకి అందకుండా. వాడేముందు అరగంట బయట ఉంచి, గది వేడికి వచ్చాకే మూత తీయండి. చల్లటి సీసా వెంటనే తెరిస్తే లోపలే తేమ పట్టి గట్టిపడుతుంది. తెల్ల జిగురు మాత్రం ఫ్రిజ్‌లో వద్దు. మూత మొన తడిగుడ్డతో తుడిచి, బిగించి, నీడలో పెడితే సరిపోతుంది.